పసిబిడ్డల తొలిపాఠము

ఏటేట జూను మాసమున బడులు తెఱచువేళకు ఇల్లందు పట్టణమున ఒక ప్రశ్న ఇంటింటను వినవచ్చుచుండును. మూడేండ్లు నిండిన బిడ్డకు ఏమి నేర్పవలెను? ఏ పుస్తకము కొనవలెను? ఏ భాషలో మొదలిడవలెను? వర్తకుని మేడలోను ఈ ప్రశ్నయే. గనికార్మికుని యింటను ఈ ప్రశ్నయే. చుట్టునున్న కోయగూడెములలోను, లంబాడీ తండాలలోను ఈ ప్రశ్నయే. ప్రశ్న అందఱిదైనను సమాధానము మాత్రము అంగడివాడు చెప్పినదిగా నుండుట శోచనీయము. రంగురంగుల యట్టలుగల ఆంగ్లవాచకముల కట్టయొకటి, మెడకు టై, కాళ్లకు బూట్లు కొనియిచ్చినచో చదువు కొనియిచ్చినట్లే యని పెక్కుమంది తల్లిదండ్రులు తలంచుచున్నారు.

బడికి పంపినను పంపకున్నను, ఆఱేండ్లలోపు శిశువునకు ఇల్లే ప్రథమపాఠశాల. ఆ యింటిబడికి తగిన పాఠ్యక్రమ మెట్టిది, తగిన సాధనము లెవ్వి యను విషయమును మా పాఠకులు నిదానముగ విచారింపవలసియున్నది. ఈ విచారణకు ఇల్లందుకంటె తగిన చోటు అరుదు. ఏలయన, ఇచ్చట ఒకే వీథిలో మూడు నాలుగు భాషల బిడ్డలు కలిసి యాడుకొనుచుందురు.

ఆ కలయిక ఈ యూరితోనే పుట్టినది. 1871 వ సంవత్సరమున భూగర్భశాఖకు చెందిన విలియం కింగు అను శాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886 లో హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులను పొందెను. 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. అడవి నడుమ వెలసిన గనులకు నలుదిక్కులనుండి పనివారు వచ్చి చేరిరి. కోయల కది తరతరముల నివాసము. ఆ కాలమున ఇల్లందు నిజామురాజ్యమున నుండగా, గోదావరి కావలి భద్రాచలము చెన్నరాష్ట్రమున నుండెను. 1959 లో ఆ భాగము ఖమ్మము జిల్లాలో కలిసెను. 2016 లో ఇల్లందును భద్రాచలమును రెండును భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినవి. ఎల్లలు మాఱినవి, ఏలుబడులు మాఱినవి. కాని తొలిచదువు ఏ భాషలో నుండవలెనను చిక్కు మాత్రము తీఱలేదు.

భాషవలని బాధ ఈ నేలకు క్రొత్త గాదు. నిజామురాజ్యమున దిగువ తరగతులు దాటిన తెలుగు బాలుడు లెక్కనైనను చరిత్రనైనను ఉరుదూలోనే నేర్వవలసి యుండెను. 1918 లో నెలకొల్పబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధనాభాష ఉరుదూయే. తెలుగునకు తావులేదను ఆ వేదన ప్రబలుచున్న దినములలోనే 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును, 1904 లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయమును వెలసినవి. పరభాషలో బోధింపబడిన బాలుడు పాఠమును వల్లించునే కాని గ్రహింపడని నాడు మన పెద్దలు వాదించిరి. ఆ వాదము సత్యమైనచో తెలుగు బిడ్డకు ఎంత సత్యమో కోయబిడ్డకును లంబాడీబిడ్డకును అంతే సత్యము కావలెను గదా! నాడు మనకు జరిగిన యన్యాయమును నేడు మనమే రెండు విధముల జరుపుచున్నాము. కోయబిడ్డకు తెలియని తెలుగులో ఓనమాలు దిద్దించుచున్నాము. తెలుగు బిడ్డకు తెలియని ఆంగ్లములో అక్షరములు దిద్దించుచున్నాము. ఇది సత్యాంధ్రులు తలవంచుకొని యాలోచింపవలసిన మాట.

ఈ తప్పును గుర్తించి దిద్దబూనినవారు లేకపోలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి ప్రాంతమున సవరభాషను స్వయముగ నేర్చి, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, సవరబిడ్డలకు బడులు పెట్టించిరి. 1943 లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో హైమన్‌డార్ఫు పండితుని ప్రోద్బలమున గోండు యువకులను ఉపాధ్యాయులుగ తీర్చుటకు ఒక శిక్షణకేంద్రము వెలసి, గోండీ వాచకములు సిద్ధమైనవి. 2004 లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కోయ, గోండీ, కొలామీ, లంబాడీ, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా అను ఎనిమిది భాషలలో, తెలుగు లిపిలోనే, తొలితరగతుల వాచకములు వ్రాయించి 240 పాఠశాలలలో బోధన మొదలిడెను. లిపి లేని భాషలో చదువెట్లని శంకించువారికి ఈ వాచకములే ప్రత్యుత్తరము.

కాని పుస్తకము నచ్చువేయుట సులభము. ఆ భాష నెఱిగిన ఉపాధ్యాయుని ప్రతిగూడెమున నిలుపుట కష్టము. మాటలాడు మనిషి లేనిచోట వాచకము మూగదగును. ఐతే ఆ భాషను చక్కగ మాటలాడు గురువు ప్రతియింటను ముందే యున్నది. తల్లి యున్నది, అవ్వ యున్నది. ప్రభుత్వము వెదకి తెచ్చుకొనవలసిన యుపాధ్యాయిని మన వాకిటనే కూర్చుండియుండగా మన మామెను గుర్తింపకున్నాము.

2020 వ సంవత్సరమున ఈ సత్యము తేటతెల్లమైనది. ఆ మార్చిలో మహమ్మారివలన బడులన్నియు మూతవడెను. సెప్టెంబరు 1 వ తేదీనుండి తెలంగాణ ప్రభుత్వము టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ప్రసారములద్వారా పాఠములు చెప్పించెను. కాని ఆ పాఠములు మూడవ తరగతి మొదలు పదవ తరగతివఱకు మాత్రమే. ఒకటి రెండు తరగతుల పిల్లలకును, అంతకంటె చిన్నవారికిని ఇల్లుతప్ప వేఱొక బడి లేకపోయెను. కథ చెప్పు నలవాటున్న యింట పిల్లవాని మాట పెరుగుట మానలేదు. అట్టి యలవాటు లేని యింట రంగుల యట్టల పుస్తకము అటక యెక్కెను. సాధనములను ఎన్నుకొనునపుడు మనము మఱువరాని పాఠమిది.

ఇక చట్టము సంగతి కొంచెము తెలిసికొనుట మేలు. 2009 లో చేయబడి 2010 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ఆఱేండ్లు మొదలు పదునాలుగేండ్లవఱకు గల పిల్లలకు వర్తించును. ఆఱేండ్లలోపు బిడ్డను బడిలో చేర్పవలెనను నిర్బంధ మా చట్టమున లేదు. ఒకటవ తరగతిలో చేర్చుకొనునపుడు బిడ్డకుగాని తల్లిదండ్రులకుగాని పరీక్ష పెట్టుట నేరము; మొదటితప్పునకు ఇరువదియైదువేల రూపాయలవఱకు, తరువాతి ప్రతితప్పునకు ఏబదివేలవఱకు జుల్మానా కలదు. కావున చేర్పు పరీక్షకు భయపడి నాలుగేండ్ల పసికందుచేత ఆంగ్లవాక్యములు వల్లెవేయించుట నిరర్థకము.

ఆఱేండ్లు నిండిన పిదప సంగతి వేఱు. ఆ వయసు బిడ్డను బడిలో చేర్చుట తల్లిదండ్రుల విధియని ఆ చట్టమే చెప్పుచున్నది. వేళకు చేరని బిడ్డను వయసునకు తగిన తరగతిలో చేర్చుకొని ప్రత్యేకశిక్షణ నీయవలెననియు చెప్పుచున్నది. జాతీయ సార్వత్రిక విద్యాలయసంస్థవారు మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానమైన మెట్లను నడుపుచున్నారు. ఐనను ఇరుగుపొరుగు బిడ్డలతో కలిసి కూర్చుండుట యను నొక పాఠము ఇంటిలో లభింపదు. ఆఱేండ్లవఱకు ఇంటిబడిని గట్టిగ నడపి, పిదప ఊరిబడికి తోడుగ దానిని నిలుపుకొనుటయే సామాన్యగృహస్థునకు మేలని మా యభిప్రాయము. పసివారికి పౌష్టికాహారముతోపాటు ఆటపాటలు నేర్పుటకు 1975 అక్టోబరు 2 న ఆరంభమైన పథకముననుసరించి నెలకొన్న అంగన్‌వాడీలు ఈ యింటిబడికి తోబుట్టువులు. వానిని చులకన చేయరాదు.

పెద్దల శాస్త్రము సైతము ఇంటిబడి పక్షముననే యున్నది. గిజుభాయి బధేకా 1920 లో భావనగరమున బాలమందిరమును స్థాపించి ఆటలోను కథలోను చదువు సాగించిరి. 1937 లో వార్ధాలో జరిగిన విద్యామహాసభ మాతృభాషయే బోధనాభాష కావలెనని తీర్మానించెను. 1939 లో అడయారునకు వచ్చిన మాంటిస్సోరీ విదుషీమణి, బిడ్డ చేతితో తాకి చేసి నేర్చుకొను ననిన సత్యమును మనదేశపు ఉపాధ్యాయులకు బోధించెను. 2020 జాతీయవిద్యావిధానము మూడేండ్లు మొదలు ఎనిమిదేండ్లవఱకు గల కాలమును పునాదిదశగా నిర్ణయించి, కనీస మయిదవ తరగతివఱకు వీలైనంత మట్టునకు ఇంటిభాషలో బోధింపుడని చెప్పినది. 2022 అక్టోబరులో వెలువడిన పునాదిదశ పాఠ్యప్రణాళిక, ఆఱేండ్లలోపు వారికి నియమిత పాఠ్యపుస్తకములు వలదని స్పష్టముగ పలికినది. ప్రభుత్వమే వలదన్న బరువును మనము సొమ్మిచ్చి కొని బిడ్డ వీపున మోపుచున్నామన్నమాట.

అట్లైన ఏమి యెన్నుకొనవలెను? మాకు తోచిన మూడు పరీక్షలను మనవిచేయుచున్నాము. ఏ పుస్తకమునైనను, బొమ్మనైనను, ఆటనైనను ఈ మూడింటితో తూచి చూడవచ్చును.

మొదటిది: దుబాసి యవసరము లేకుండ బిడ్డకు అర్థమగుచున్నదా? ఇందుకు ముందు ఇంటిభాష యేదో తేల్చుకొనవలెను. కులమును బట్టి భాషను నిర్ణయింపరాదు. 2011 జనాభాలెక్కలలో కోయభాషను మాతృభాషగా చెప్పినవారు దేశమున నాలుగు లక్షలకు పైబడి యున్నారు. కాని కోయలలో తెలుగే యింటిభాషగా గలవారును పెక్కురు. అవ్వ యే భాషలో జోలపాడునో, ఏ భాషలో కసరుకొనునో అదియే ఆ యింటి భాష. తొలిమాట, తొలికథ, తొలిలెక్క ఆ భాషలో నుండవలెను.

రెండవది: ఆ సాధనము బిడ్డచేత మాటలాడించుచున్నదా, లేక నోరు మూయించుచున్నదా? బిడ్డ ప్రశ్న వేసిన పుస్తకము మంచిది. బిడ్డ చెప్పినదే చెప్పుచు నిదురపోయిన పుస్తకము చెడ్డది. ఈ పరీక్షలో చేతిఫోను తఱచుగ తప్పును. అది తాను మాటలాడునే కాని బిడ్డ మాట వినదు.

మూడవది: చదువురాని తల్లియు దానిని నడపగలదా? నడపలేనిచో అది ఎంత వెలగలదైనను ఇల్లందు ఇండ్లలో పెక్కింటికి పనికిరాదు.

ఈ మూడు పరీక్షలకును నిలుచు సాధనములు మన చెంతనే కలవు. వేసవిలో అడవినుండి తునికాకు వచ్చును. ఏబది యాకులు ఒక కట్ట. వేయి కట్టలు ఒక ప్రమాణపు సంచి. ఆకు కట్టలు కట్టు తల్లి ప్రక్కన కూర్చుండిన బిడ్డ అయిదేసి యాకులను పదిసార్లు పేర్చినచో ఏబది యగునని చేతితో నేర్చును. ఏ వాచకమును ఇంతకంటె చక్కగ ఎక్కము చెప్పజాలదు. చింతగింజలతో కూడికలు, తీసివేతలు, వామనగుంటలలో పంపకము, ఇప్పపూవు, తునికిపండు, మోదుగాకు, బొగ్గుముక్క వీని రంగు, వాసన, బరువులతో పోలికలు, సంతకు పోయినపుడు తూకములు, ఇవియన్నియు పాఠములే. ఎన్నడును చూడని ఆపిలుపండు బొమ్మతో అక్షరమును మొదలిడుటకంటె ఇంటిముందరి ఇప్పచెట్టుతో ‘ఇ’ యను నక్షరమును చూపుట సుగమము గాదా?

పుస్తకములు వలదని మా మాట గాదు. తగిన పుస్తకమును తగిన యీడున ఇండని మాత్రమే చెప్పుచున్నాము. మన పూర్వుల యింటిబడికి మూలమైన పెద్దబాలశిక్ష నేటికిని మంచి భాండాగారమే. ఐతే అది మూడేండ్ల బిడ్డ చేతికిచ్చునది గాదు. తల్లిదండ్రులు దగ్గఱనుంచుకొని సామెతయో పొడుపుకథయో దినమున కొక్కటి తీసి చెప్పదగినది. 1947 జూలైలో మొదలైన చందమామ నేడు వెలువడకున్నను, దాని పాతసంచికలు ఆఱు ఏడేండ్ల పిల్లలకు చదివి వినిపించుటకు మిక్కిలి తగియున్నవి. నేషనల్ బుక్ ట్రస్టు, మంచి పుస్తకము మున్నగు ప్రచురణసంస్థలు పిల్లల బొమ్మలకథలను తెలుగున అందించుచున్నవి. 2015 లో వెలసిన స్టోరీవీవర్ అను కథాభాండాగారమున తెలుగు కథలు అంతర్జాలమున ఉచితముగ లభించుచున్నవి; వానిని అచ్చుతీసికొనుటకును, మఱొక భాషలోనికి మార్చుకొనుటకును అనుమతి కలదు. కోయభాష నెఱిగిన యువకుడొకడు పూనుకొన్నచో ఆ కథలు కోయలోనికి వచ్చుట కడ్డేమి? 2023 ఫిబ్రవరిలో జాతీయ విద్యాపరిశోధనశిక్షణమండలి వెలువరించిన జాదూపెట్టెయందు బొమ్మలు, తోలుబొమ్మలవంటి ఆటవస్తువులు, చిత్రపటములు, కథలు కలవు. దానిని కొననక్కఱలేదు; దానిని చూచి అట్టి బొమ్మలను మట్టితోను, వెదురుతోను ఇంటనే చేసికొనవచ్చును.

ఇచ్చట ఒక యాక్షేపణము వినవచ్చును. ఆంగ్లము రానిదే ఉద్యోగము లేదు. పేదవానికి మాతృభాషను బోధించుచు ధనికుడు తన బిడ్డకు ఆంగ్లము చెప్పించుకొనుట న్యాయమా యని పలువు రడుగుచున్నారు. ఈ ప్రశ్నలో న్యాయమున్నది. ఆంగ్లము వలదని మేము చెప్పుటలేదు. 2022-23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వపాఠశాలలలో ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఒక పుటలో తెలుగు, ఎదుటిపుటలో ఆంగ్లముగల పుస్తకములు పిల్లల కీయబడినవి. 2018 చట్టముచే తెలుగు సైతము పదవ తరగతివఱకు అన్ని బడులలో నిర్బంధమైనది. మా వాదమెల్ల వరుసను గూర్చియే. తన భాషలో కథ చెప్పగలిగి, లెక్క చెప్పగలిగి, చదివినది గ్రహింపగలిగిన బిడ్డకు రెండవభాష వచ్చును, మూడవదియు వచ్చును. తన భాషలోనే మాట కూడని బిడ్డకు ఆంగ్లము చిలుకపలుకగును. పునాది త్రవ్వకుండ మేడ కట్టువానిని గూర్చి భూస్వాములకును గృహస్థులకును మేము వేఱుగ చెప్పనక్కఱలేదు. రెండుపుటల పుస్తకమును తెచ్చుకొని, తెలుగుపుటను ముందు ఇంట చదివించి, పిదప ఆంగ్లపుటను త్రిప్పినచో ఆ పుస్తకమే మంచి సాధనమగును.

మఱియొక యాక్షేపణము: తెల్లవాఱకమునుపే పనికి బోవు తల్లికి పాఠము చెప్పు తీఱిక యెక్కడిది? ఇది మొదటిదానికంటె బరువైన మాట. ఇందుకు ప్రత్యుత్తరము ఆ తల్లి చెప్పవలసినది గాదు, ఊరు చెప్పవలసినది. ఒక యింట ముసలమ్మ యుండును. నాలుగిండ్ల పిల్లలు ఆమె చుట్టు చేరుదురు. ఆమె చెప్పు కథలను వ్రాసిపెట్టు పడుచువాడొకడుండిన ఆ కథలే మఱుసటి యేటికి పుస్తకమగును. గ్రంథాలయోద్యమము పుట్టిననాడు మన పెద్దలు అద్దెగదులలో బీరువాయొకటి పెట్టి భాషను నిలిపిరి. నేడు ఇల్లందువంటి పట్టణమున వీథి కొకటి, గూడెమున కొకటి చొప్పున పిల్లలకథల బీరువాను నిలుపుటకు అంత త్యాగమైనను అవసరము లేదు. ఒక్క బిడ్డకై కొను ఆంగ్లవాచకముల కట్ట వెలతో ఊరిపిల్లలందఱకు చాలిన బొమ్మలకథలు వచ్చును.

కావున భూవసతి గలవారికిని, పట్టణపు పెద్దలకును మా విజ్ఞప్తి యిది. మీ యింట పనిచేయు కోయస్త్రీ బిడ్డ తన భాషలో మాటలాడినపుడు నవ్వకుడు. నవ్విననాడే ఆ బిడ్డ చదువు సగము చచ్చును. అంగన్‌వాడీకి ఒక చాపయో, ఒక కథలపెట్టెయో దానమిండు. గూడెమున తునికాకు కల్లము పెట్టు చోటనే, ఆ పని ముగిసిన నెలలలో, పిల్లల కథలగోష్ఠికి నీడ నిండు. మీ బిడ్డలకు పుస్తకము కొనునపుడు మూడు పరీక్షలను పెట్టి, పిదప సొమ్ము చెల్లింపుడు.

1871 లో ఈ నేలక్రింద బొగ్గు కనబడినపుడు దానిని వెలికిదీయుటకు సీమనుండి కంపెనీయే వచ్చినది. ఈ నేలమీది బిడ్డల నాలుకలపై నున్న నిధిని వెలికిదీయుట కెవ్వరును రానక్కఱలేదు. బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, ఆమెకు తెలిసిన మాటలో, ఈ రాత్రియే ఒక కథ మొదలిడిన చాలును. అట్టి కథలు ఇల్లందున ప్రతియింటను వినబడు దినమునకై మేము నిరీక్షించుచున్నాము.